ఫ్లాషర్ జోలికి ముందే వెళ్లకు

స్టుట్‌గార్ట్
నవంబరు 9

చిరంజీవి వాసుకి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి సంగతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడదాం. ఇది మొదటి నుంచి చివరిదాకా నాన్నగారి మారుతి 800 గురించే. పక్కన పెట్టుకుని బండి దగ్గర చదువు.

నువ్వు రాసింది ఇదీ: ఎడమ ఇండికేటర్ బాగానే కొట్టుకుంటోంది. కుడిది వేస్తే టకటకా రెట్టింపు వేగం. బ్రేకు తొక్కితే కుడి వెనక ఇండికేటర్ అసలు కనబడదు. హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టేది) ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. మెకానిక్ ఇప్పటికి రెండు ఫ్లాషర్లు, అంటే ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే డబ్బీలు, మార్చాడు. ఆ రెండూ దండగేరా. ఎడమనీ కుడినీ కొట్టేది ఒకే ఫ్లాషర్. ఎడమకి బాగున్న ఫ్లాషర్ కుడికి మాత్రం ఎందుకు చెడుతుంది? పైగా వేగం పెరిగిందంటే అది చెడిపోయినట్టు కాదు, తన పని తాను చేస్తున్నట్టు. ఒక పక్క బల్బు వెలగడం లేదని నీకు చెప్పడానికే దాన్ని అలా తయారుచేశారు.

లెక్క చూడు. ముందు 21 వాట్ల బల్బు, వెనక 21, ఫెండర్ మీద చిన్నది ఉంటే 5. మొత్తం 47 వాట్లు, 12 వోల్టుల మీద దగ్గర దగ్గర 3.9 ఆంపియర్లు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఈ కరెంటుని కొలుస్తూ ఉంటుంది. ఒక పెద్ద బల్బు పోతే 2.2కి పడిపోతుంది, అది గమనించి వేగం పెంచుతుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టాలి. పాతకాలం గుండ్రటి రేకు డబ్బా ఫ్లాషర్లకి ఈ తెలివి లేదు. వాటిలో పలక వేడెక్కి వంగితేనే దీపం ఆరేది. కరెంటు తగ్గితే వేడి చాలదు, అందుకని అవి మెల్లగా కొట్టుకుంటాయి, లేదా వెలిగి అలాగే ఉండిపోతాయి. ఇంజను ఆపి ఉన్నప్పుడు మాత్రమే మెల్లగా కొడితే బల్బుల్నీ ఫ్లాషర్‌నీ వదిలేసి బ్యాటరీ చూడు: ఇంజను ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులు, స్టార్ట్‌లో 13.8 నుంచి 14.4 ఉండాలి.

ఇక వైరింగ్ గురించి ఒక్క విషయం తెలిస్తే చాలు, సగం వెతుకులాట తప్పుతుంది. ఇండికేటర్‌కి కరెంటు తాళం తిప్పాక వచ్చే ఫ్యూజు నుంచి వస్తుంది. హజార్డ్‌కి నేరుగా బ్యాటరీ ఫ్యూజు నుంచి వస్తుంది, ఎందుకంటే తాళం తీసేసినా అది పనిచేయాలి. ఈ రెండు దారులూ కలిసేది హజార్డ్ స్విచ్ లోపల. స్విచ్ నొక్కకుండా వదిలేసినప్పుడు ఇండికేటర్ కరెంటు కూడా దాని కాంటాక్టుల గుండానే ఫ్లాషర్‌కి వెళ్తుంది. చాలామంది మెకానిక్‌లు ఇక్కడే బోల్తా పడతారు. ఇండికేటర్ రాకపోతే హజార్డ్ స్విచ్‌ని ఎవరు అనుమానిస్తారు?

కాబట్టి ఏ పాత బండి అయినా ముందు రెండూ వేసి చూడాలి. హజార్డ్ నాలుగు మూలలా బాగా కొట్టి, ఇండికేటర్ రెండు పక్కలా రాకపోతే ఫ్లాషర్ బాగుంది, బల్బులు బాగున్నాయి, ఎర్తులు (కరెంటు బాడీ ఇనుములోకి తిరిగి వెళ్లే దారులు) బాగున్నాయి. మిగిలినవి ఇగ్నిషన్ వైపు ఫ్యూజు, హజార్డ్ స్విచ్, స్టీరింగ్ కింది ఇండికేటర్ స్విచ్. ఇండికేటర్ బాగుండి హజార్డ్ మాత్రమే రాకపోతే దాని ఫ్యూజు, లేదా దాని స్విచ్. రెండూ చచ్చిపోయి టిక్ టిక్ శబ్దం కూడా లేకపోతే, అప్పుడు, అప్పుడు మాత్రమే ఫ్లాషర్ మీదికి వెళ్లు. పాత బళ్లకి తర్వాత ఎవరో హజార్డ్ పెట్టించి ఉంటే దానికి వేరే ఫ్లాషర్ ఉండొచ్చు, అప్పుడు ఈ లెక్క కుదరదు. మన బండికి కంపెనీదే.

హజార్డ్ వేసినప్పుడు వేగాన్ని నమ్మకు. నాలుగు పెద్ద బల్బుల్లో ఒకటి పోయినా సాధారణంగా అది అదే వేగంతో కొడుతుంది. దిగి చుట్టూ నడిచి కళ్లతో చూడాల్సిందే.

ఇప్పుడు నీ బండికి వస్తాను. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మాయమవుతోందని రాశావు చూడు, అదే అసలు గుట్టు. వెనక ల్యాంపులో బ్రేకు, పార్కింగ్, ఇండికేటర్ అన్నిటికీ కలిపి ఎర్త్ ఒకటే. ఆ ఎర్త్ తుప్పు పడితే ఇండికేటర్ కరెంటుకి బయటికి దారి దొరకదు. అది పక్కనున్న పార్కింగ్ ఫిలమెంట్‌లోకి దూరి, ఆ వైరు వెంట అవతలి ల్యాంపు దాకా వెళ్లి అక్కడి ఎర్త్‌లో కలుస్తుంది. ఫిలమెంట్లు ఒకదాని తర్వాత ఒకటి వరసలో పడ్డాయి కాబట్టి ఇండికేటర్ మసకగా ఉంటుంది, దానితో పాటు ఎర్ర దీపం కూడా సన్నగా కొట్టుకుంటుంది. అదే సమయంలో బ్రేకు తొక్కావనుకో, ఆ పక్క నుంచీ 12 వోల్టులు వచ్చి పడతాయి. ఇండికేటర్ ఫిలమెంట్‌కి రెండు కొసలా దాదాపు ఒకే వోల్టేజి, ఇంక వెలిగేదెలా? రాత్రి గేటు దగ్గర గోడకి వెనక్కి పెట్టి కుడి ఇండికేటర్ వేసి చూడు, గోడ మీద ఎరుపు కూడా మినుకుమంటే ఇక అనుమానం అక్కర్లేదు.

మీటరుతో ఖాయం చేసుకోవచ్చు. కొట్టుకునే దీపం మీద డిజిటల్ మీటరు అంకె నిలవదు, అందుకని ఇండికేటర్ ఆపేసి పార్కింగ్ దీపాలు వేసి, చంటిగాణ్ణి బ్రేకు తొక్కి పట్టుకోమను. మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టు. నల్ల పుల్ల బ్యాటరీ నెగటివ్‌కి (వైరు చాలదు, పొడుగు వైరు కట్టుకో), ఎర్ర పుల్ల కుడి వెనక బల్బు హోల్డర్ ఇత్తడి ఒంటికి. 0.2 లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టు. 0.5 దాటితే చెడ్డది. నీకు దానికి ఎన్నో రెట్లు వచ్చినా ఆశ్చర్యపోను. వెంటనే ఒక వైరు ముక్కతో ఆ హోల్డర్ ఒంటిని రంగు లేని బాడీ ఇనుముకి కలుపు. అన్నీ ఒక్కసారిగా సరిగ్గా వెలిగాయంటే రోగం దొరికినట్టే.

బాగుచేసేటప్పుడు తొందరపడకు. ఎర్త్ వైరు చివర రింగు టెర్మినల్ బాడీకి బిగించిన చోట బోల్టు విప్పు. రింగు రెండు ముఖాలూ, దాని కింది ఇనుమూ 400 నంబరు ఎమరీ పేపర్‌తో తళతళలాడేదాకా రుద్దు. పంటి వాషర్ వేసి గట్టిగా బిగించు. బిగించిన తర్వాతే పైన వాసెలిన్ పూయి, ముందు కాదు. వైరు పైకి బాగానే కనిపిస్తుంది, కానీ చివర రెండంగుళాలు తొక్క ఒలిచి చూడు. లోపలి రాగి నల్లబడి పొడిలా రాలుతుంటే ఆ ముక్క కోసేసి 1.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు వెయ్యి. మెలితిప్పి టేపు చుట్టడం మాత్రం వద్దు. చెన్నై మే ఎండకి ఆ టేపు జిగురు కారిపోతుంది, తిరువాన్మియూర్ ఉప్పుగాలి లోపలికి దూరుతుంది. క్రింప్ చేసి (టెర్మినల్‌ని వైరు మీద నొక్కి బిగించి) పైన హీట్ ష్రింక్ గొట్టం, అంటే వేడికి ముడుచుకునేది, తొడుగు.

అక్కడే ఉన్నావు కాబట్టి బల్బు కూడా తీసి చూడు. లోపలికి నొక్కి అపసవ్యంగా తిప్పితే వస్తుంది. గాజు లోపల వెండి పూతలాగా నల్లగా మెరుస్తుంటే అది రేపో మాపో పోతుంది. బల్బు అడుగున సీసపు బొట్టు ఉంటుంది చూడు, దాని మధ్యలో చిన్న గుంట పడి చుట్టూ నల్లటి వలయం ఉంటే కాంటాక్టు స్ప్రింగు సరిగ్గా ఆనక నిప్పు రవ్వ కొడుతోందన్నమాట. ఆ స్ప్రింగు మీద ఆకుపచ్చ చిలుము ఉంటుంది. గీకి, స్ప్రింగుని సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక మిల్లీమీటరు పైకి లేపు. ఫ్యూజు తీశాకే సుమా. కొత్త బల్బు కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లు. ఇండికేటర్‌ది ఒక ఫిలమెంట్ బల్బు, దాని ఇత్తడి ఒంటికి పక్కల ఉండే రెండు మొటిమలూ ఒకే ఎత్తులో ఉంటాయి. బ్రేకుకీ పార్కింగ్‌కీ కలిపి వాడేది 21/5 వాట్లది, దాని మొటిమలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. హోల్డర్ అరిగిపోతే ఇది అందులో బలవంతంగా దూరుతుంది, ఆ తర్వాత ఇండికేటర్ వేస్తే పార్కింగ్ వెలగడం లాంటి వింతలన్నీ మొదలవుతాయి. గాజే నారింజ రంగుదైతే మొటిమలు ఎదురెదురుగా కాక కాస్త పక్కకి ఉంటాయి, మామూలు హోల్డర్‌లో కూర్చోదు. రంగు పెచ్చులూడి తెల్లగా వెలిగితే అది ఇండికేటర్ కిందికి రాదు. ఇక్కడ రెండేళ్లకోసారి జరిగే తనిఖీలో ఆ ఒక్క కారణానికి బండిని వెనక్కి పంపగలరు.

హజార్డ్ ఒకసారి పడి ఒకసారి పడకపోవడం వేరే జబ్బు, దీన్ని ఎర్త్‌తో కలపకు. ఆ స్విచ్ ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు, లోపలి కాంటాక్టులు మసిబారతాయి. బ్యాటరీ తీగ విప్పి స్విచ్ బయటికి లాగి సందుల్లోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టు, ఇరవై ముప్పైసార్లు నొక్కి వదులు, పది నిమిషాలు ఆరనివ్వు. పెట్రోలు పోయకు, ప్లాస్టిక్ చిట్లుతుంది. అప్పటికీ నొక్కి పట్టుకుంటేనే వెలుగుతుంటే స్విచ్ మార్చడమే. స్టీరింగ్ పక్క స్విచ్‌కి కూడా ఇదే వైద్యం. లివర్‌ని సగంలో ఆపి పట్టుకుంటే కొట్టి, పూర్తిగా నొక్కితే ఆరిపోవడం దాని లక్షణం. లోపలి గ్రీజు గట్టిపడి ఉంటుంది. కొత్తది దొరక్కపోతే పుదుప్పేటలో పాతది వెతుకు, కానీ ప్లగ్గులో వైర్ల రంగులూ పిన్నుల వరసా మనదానితో సరిపోల్చుకునే కొను.

ఎప్పుడైనా నిజంగానే ఫ్లాషర్ మీద అనుమానం వస్తే కొనకుండానే తేల్చుకోవచ్చు. దాన్ని ఊడదీసి, సాకెట్‌లో బి, ఎల్ అనే రెండు గాళ్లని (ఇక్కడి బళ్ల మీద 49, 49ఎ అని ఉంటాయి) 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో కలిపి, తాళం తిప్పి లివర్ వెయ్యి. ఆ పక్క బల్బులు కొట్టుకోకుండా నిలకడగా వెలిగితే మిగతా దారంతా బాగుంది, చచ్చింది ఫ్లాషరే. వెలగకపోతే బి దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడు. మూడో గాడి ఇ అంటే ఎర్త్, దానికి వైరు ముట్టించావంటే ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఫ్యూజు పెట్టగానే పోతుంటే ఇంకా పెద్దది వెయ్యకు. హజార్డ్‌కి మొత్తం 94 వాట్లు, 8 ఆంపియర్ల లోపే. 10 కానీ 15 కానీ, మూత మీద ఎంత రాసి ఉంటే అంతే. పెద్దది వేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. ఫ్యూజు స్థానంలో ఒక 21 వాట్ల బల్బుని రెండు వైర్లతో పెట్టు. షార్ట్ ఉంటే అది నిండుగా వెలుగుతుంది, ఏమీ కాలదు. అప్పుడు ఒక్కొక్క ల్యాంపు ప్లగ్గు పీకుతూ పో, ఏది పీకితే బల్బు మసకబారిందో షార్ట్ అటే. వైర్ల కట్ట మడతపడే చోటు ముందు చూడు.

చంటిగాడు ఎల్‌ఈడీ బల్బులు వేయిద్దామంటున్నాడని రాశావు. ఇప్పుడు వద్దను. రెండు మూడు వాట్ల ఎల్‌ఈడీ పెడితే ఫ్లాషర్‌కి బల్బు పోయినట్టే లెక్క, మళ్లీ అదే టకటక. దానికి 6 ఓమ్‌ల రెసిస్టర్ కట్టమంటారు, అది వెలిగినంతసేపూ 24 వాట్లకి పైగా వేడి కక్కుతుంది, ప్లాస్టిక్‌కి తగిలితే కరుగుతుంది. అంత వేడి దండగ చేసేకంటే మామూలు 21 వాట్ల బల్బే నయం. తప్పదంటే ఎల్‌ఈడీ ఫ్లాషర్ వెయ్యొచ్చు, కానీ అది బల్బు పోయిన సంగతి చెప్పదు.

ఇంకొకటి. వానలో హజార్డ్ వేసుకుని నడపడం, కూడలిలో నేరుగా వెళ్తున్నామని హజార్డ్ వేయడం మన వాళ్లకి బాగా అలవాటు. నాలుగూ కొడుతుంటే నువ్వు ఎటు తిరుగుతున్నావో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? మధ్య కైలాష్ కూడలి దగ్గర ఆ పని చేయకు. బండి ఆగిపోయినప్పుడే వెయ్యి.

జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి వెళ్లినప్పుడు ఇవి తీసుకో: 21 వాట్ల బల్బులు రెండు, 10, 15 ఫ్యూజులు అరడజను చొప్పున, కాంటాక్ట్ క్లీనర్ ఒక డబ్బా, రింగు టెర్మినళ్లు, పంటి వాషర్లు, నల్ల వైరు రెండు మీటర్లు, హీట్ ష్రింక్. ఫ్లాషర్ వద్దు, ఉన్నవి చాలు. మెకానిక్ తీసిపారేసిన పాత ఫ్లాషర్ అడిగి తెచ్చుకో, అది బాగానే ఉంటుంది, స్టెపినీ కింద దాచు.

పని మొదలుపెట్టే ముందు కుడి వెనక హోల్డర్ ఎర్త్ రీడింగ్, ఎడమ వెనకది, రెండూ రాసి ఫోన్‌లో పంపు. ఎడమది కూడా 0.5 పైన ఉంటే రెండిటికీ ఒకేసారి కొత్త ఎర్త్ వైర్లు వేసెయ్యి, మళ్లీ విప్పే పని ఉండదు.

అమ్మకి నా నమస్కారాలు, చంటిగాడికి ముద్దులు.

ఇట్లు
మీ అన్నయ్య