జోర్డాన్ కంటే ముందు థాంప్సన్

సంపాదకులకు నమస్కారం.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాల జట్ల లీగ్) మేటి ఆటగాడు ఎవరంటే చాలామంది ఠక్కున మైకేల్ జోర్డాన్ అనేస్తారు. ఆ తర్వాత ఎన్‌బీఏలో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో వచ్చిన కీర్తితో కాలేజీ ఆటను తూచడం అన్యాయం. పిల్లలకు ఈ ఆట నేర్పించే పీఈటీగా నా ఓటు నార్త్ కరోలినా స్టేట్ ఆటగాడు డేవిడ్ థాంప్సన్‌కే.

ఆయన రోజుల్లో కాలేజీ ఆటలో డంక్, అంటే ఎగిరి బంతిని రింగులోకి బలంగా దించడం, నిషేధం. అందుకే సహచరుడు మాంటీ టో రింగు పైకి బంతి ఎగరేస్తే, థాంప్సన్ గాల్లోనే అందుకుని మెల్లగా లోపలికి జారవిడిచేవాడు. ఆ పాత వీడియోలు చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది! 1974 జాతీయ టోర్నీ సెమీస్‌లో, అంతకుముందు వరుసగా ఏడు టైటిళ్లు గెలిచిన యూసీఎల్‌ఏ (కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్) జట్టును థాంప్సన్ జట్టు రెండు ఓవర్‌టైమ్‌ల పోరులో ఓడించింది. ఆపై టైటిలూ వాళ్లదే. ఆడిన మూడు సీజన్లూ కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడు ఆయనే.

రెండో స్థానం రాల్ఫ్ శాంప్సన్‌ది. ఆయన ఆడిన రోజుల్లో ఆయన జట్టు వర్జీనియాకు జాతీయ టైటిల్ రాలేదని ఆయన్ని కిందికి నెట్టకూడదు. 1981 నుంచి 1983 వరకు వరుసగా నైస్మిత్ అవార్డు (దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చేది) ఊరికే రాలేదు. ఇక ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయిన జయాన్ విలియమ్సన్ ఎంత మెరిసినా, నాలుగేళ్లు నిలబడి ఆడిన టిమ్ డంకన్ తర్వాతే.

– ఓ పీఈటీ