చింటు నడుము సంగతి

చి. శైలుకు నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. జేజి మోకాలి నొప్పి ఎప్పటిమాదిరే ఉంది. కళ్యాణదుర్గంలో మొన్న రాత్రి ఒక పదును వాన పడింది, పైచేనులో చెనిక్కాయకు ఊడలు దిగుతున్నాయి. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది. ఆఫీసు పనులుంటాయి, నేనేమీ అనుకోలేదు.

చిన్నమ్మ కొడుకు సీను శనివారం వచ్చాడు. నువ్వు మీ కుక్క చింటును ఎత్తుకుని లిఫ్టు దిగుతుంటే చూశాడట. వెనక కాళ్లు వేలాడుతున్నాయని, బాధ లేకుండా ప్రాణం పోయే సూది వేయించెయ్యమని నీకెవరో సలహా ఇచ్చారని చెప్పాడు. వాడు ఒకటికి రెండు కలిపి చెప్తాడు కాబట్టి నేను నమ్మలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ అమ్మ పెరట్లో రెండు మునగ మొక్కలు నాటింది. మేకలు రాకుండా కంప కట్టాను.

చింటు లాంటి డాక్స్‌హుండ్ జాతి కుక్కలకు నడుమే గండమమ్మా. నాలుగింటిలో దాదాపు ఒకదానికి ఈ డిస్కు జబ్బు వస్తుంది. ఒళ్లు పొడుగు కాబట్టి అనుకుంటారు గానీ, ఆ పొట్టి కాళ్లకు కారణమైన లక్షణమే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తదనాన్ని చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. అట్లాంటప్పుడు సోఫా మీద నుంచి ఒక్క దూకు దూకినా చాలు. సోఫా ఎక్కి దిగడానికి వాలుగా పలక వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? సంక్రాంతికి వచ్చినప్పుడు పైనుంచి చూస్తే దాని నడుము సన్నంగా కనపడలేదు, బరువు తగ్గించమని కూడా చెప్పాను. మెడకు పట్టీ కాదు, ఛాతీకి వేసేది కొనమన్నాను. సరే, ఇప్పుడు నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు.

మన పాత డాక్స్‌హుండ్ కరిగాడు గుర్తున్నాడా? బళ్లారి పెద్దనాయన తెచ్చిచ్చినప్పుడు నా చెప్పంత ఉన్నాడు. డాక్స్ అంటే జర్మన్ భాషలో బొరియల్లో బతికే ఒక జంతువు, హుండ్ అంటే కుక్క. బొరియలో దూరి దాన్ని నిలేసే పని కోసమే ఈ జాతిని పెంచారు. కార్జం ముక్కను తాడుకు కట్టి గెనిమ వెంబడి ఈడ్చుకుంటూ పోతే, వాడు వాసన పట్టుకుని చివరిదాకా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆ ముక్క పెట్టేవాళ్లం. రెండు నెలల్లో వాసన పట్టడం వచ్చింది. ఈల వేస్తే వెనక్కి రావడం మాత్రం నేను నేర్పలేదు, అది నా తప్పే. నువ్వు ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం చెనిక్కాయ వామి కింది నుంచి పందికొక్కు పరుగెత్తింది. కరిగాడు దాని వెనకే గెనిమ బొక్కలో దూరాడు. చీకటి పడినా రాలేదు. నువ్వు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నావు. నేను నేలకు చెవి ఆనించాను. లోతు నుంచి మొరుగుడు వినపడింది. అంత చిన్న కుక్కకు అంత లావు గొంతు ఎందుకుంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడ తవ్వాలో పైనున్న వేటగాడికి ఆ గొంతే చెప్పాలి. గడ్డపారతో మొదలుపెట్టి, మొరుగుడు దగ్గరయ్యే కొద్దీ పారతో, చివరకు చేతులతో తీశాం. రాత్రి రెండు దాటింది. ముందు తోక కనపడింది. పట్టుకుని లాగమన్నారు పక్కచేనువాళ్లు, నేను ఒప్పుకోలేదు. మట్టంతా తోడి బయటికి తీసి నీ చేతికిచ్చాను. ఎవరూ చెప్పకుండానే నువ్వు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కింద పెట్టి, వెన్ను వంగకుండా పట్టుకున్నావు. చింటును కూడా అట్లాగే ఎత్తు. కరిగాడు ఆ తర్వాత పదమూడేళ్ల వయసు దాకా బతికాడు.

అల్లుడు చింటును కొండకు కుందేళ్ల వేటకు తీసుకుపోదామన్నాడు. కుందేలును కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఆ మాట ఇంక ఎత్తవద్దని చెప్పు. వాసన ఆటకు కార్జం తాడు చాలు, అది కూడా నడుము బాగైన తర్వాతే.

సీను చెప్పింది నిజమైతే ఒక్క సంగతి కనుక్కో. వెనక కాలివేలు గట్టిగా నొక్కితే చింటు తిరిగి చూస్తున్నాడా, మూలుగుతున్నాడా అని డాక్టరును అడుగు. కాలు వెనక్కి లాక్కోవడం ఒక్కటే లెక్కలోకి రాదు. నొప్పి తెలుస్తుంటే, మందులిచ్చి చిన్న గూట్లో నాలుగైదు వారాలు కదలకుండా ఉంచితే లేచి నడిచినవి చాలా ఉన్నాయి. నొప్పి తెలియకపోతే ఆపరేషన్‌కు ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యవద్దు. డబ్బు గురించి ఆలోచించవద్దు, చెనిక్కాయ డబ్బు బ్యాంకులోనే ఉంది. సూది మాట మాత్రం నువ్వు ఒక్కదానివే తేల్చుకోవద్దు తల్లీ.

నువ్వు ఆఫీసుకు పోతే దాని దగ్గర ఎవరుంటారు? నేను వచ్చి నెల రోజులు కూర్చుంటాను. సోఫాకు పలక చేశాను, జారకుండా పైన గోనెసంచి కొట్టాను, బస్సులో తెస్తాను. ఏ రోజు రావాలో చెప్పు. రాత్రి పన్నెండైనా ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

నువ్వు చిక్కిపోయావని కూడా సీను చెప్పాడు. మీ అమ్మ సద్ద రొట్టెలు, చెనిక్కాయ పొడి వాడి చేతికిచ్చి పంపుతోంది. వేళకు తిను. పొడిలో వెల్లుల్లి ఉంది, చింటుకు పెట్టవద్దు.

నాయన