దుబాయికి నాలుగు గంటలే, ఇచ్ఛాపురం నుంచి ఎన్ని?

సంపాదకులకు నమస్కారం.

విశాఖ నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 3,000 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే విమానానికి అది నాలుగు గంటల ప్రయాణం. పడమటి గాలి ఎదురైతే ఇంకో పావుగంటో అరగంటో పడుతుంది. ఉద్దానం నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్ వెళ్లే మనవాళ్లకు ఏజెంట్లు చెప్పేది ఈ నాలుగు గంటల లెక్కే. ఇల్లు వదిలి అక్కడి క్యాంపు చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతున్న సంగతి ఎవరూ చెప్పరు.

హైదరాబాద్ మీదుగా వెళ్లినా దారి పెద్దగా పెరగదు. విశాఖ నుంచి హైదరాబాద్ 500 కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి దుబాయి సుమారు 2,550. నేరుగా వెళ్లే దూరం కంటే 60, 70 కిలోమీటర్లే ఎక్కువ. విమానానికి అది ఐదు నిమిషాల పని. కాలమంతా హరించుకుపోయేది నేల మీద: ఇమిగ్రేషన్ వరుసలో నిలబడటం, తర్వాతి విమానం కోసం గంటలకొద్దీ కాచుకోవడం. పైగా చౌక అంటూ రెండు విడి టికెట్లు అంటగట్టే ఏజెంట్లున్నారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం ప్రయాణికుడి మీదే పడుతుంది. అప్పు చేసి కొన్న టికెట్‌ను అలా పోగొట్టుకుని హైదరాబాద్ నుంచే తిరిగొచ్చిన యువకుడు మా వీధిలోనే ఉన్నాడు.

టికెట్ మీద వేసే వేళలు ఏ దేశానివి ఆ దేశానివే. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. కువైట్, ఖతార్, సౌదీలవి రెండున్నర గంటలు వెనక. ఉదయం 10 గంటలకు బయలుదేరి 12.45కు దుబాయి చేరుతుందని ఉంటే అది నాలుగుంబావు గంటల ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు నాలుగు గంటల ప్రయాణమే టికెట్ మీద ఐదున్నర గంటలుగా కనబడుతుంది. మొదటిసారి వెళ్లేవారికి ఇది తెలియకపోతే తప్పు వారిది కాదు, తెలుగులో ఒక్క కాగితం కూడా రాసివ్వని వారిది.

భోగాపురం విమానాశ్రయానికి 3,800 మీటర్ల రన్‌వే, తొలిదశలోనే ఏటా 60 లక్షల మంది ప్రయాణికులకు సరిపడే ఏర్పాటు అన్నారు. సంతోషమే. ఇచ్ఛాపురం వాసులకు విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాట. భోగాపురం అందులో నలభై, యాభై తగ్గిస్తుంది. కానీ అర్ధరాత్రి దిగిన కూలీకి బస్సు లేకపోతే తగ్గిన దూరం వల్ల ఒరిగేదేమిటి? గల్ఫ్‌లో కష్టపడి కూడబెట్టిన డబ్బులో కొంత అద్దె కారుకు పోయాకే అతడు తన పిల్లల ముఖం చూస్తాడు. ఇది అన్యాయం.

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి మీదుగా విమానాల వేళలకు సరిపోయేలా ఆర్టీసీ బస్సులు టెర్మినల్ గుమ్మం దాకా నడవాలి. గల్ఫ్‌కు భోగాపురం నుంచి నేరుగా విమానాలు కావాలి. 2024లో పౌర విమానయాన శాఖ చేపట్టిన కింజరాపు రామ్మోహన్‌నాయుడు మన శ్రీకాకుళం ఎంపీయే, కాబట్టి ఈ విన్నపం ఆయనకూ చేరాలి. ఇక విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి వలస చట్టం కింద నమోదై ఉండాలి. అలా నమోదైన ప్రతి ఏజెంటూ టికెట్‌తో పాటు ఒక తెలుగు కాగితం తప్పనిసరిగా ఇచ్చేలా చూడాలి. ఎక్కడ విమానం మారాలి, ఎన్ని గంటలు ఆగాలి, చేరేసరికి మన గడియారంలో ఎంతవుతుంది, టికెట్ ఒకటా రెండా అన్నవి అందులో స్పష్టంగా రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా