లేపాక్షిలో తలెత్తి చూసే వీలు కల్పించండి

సంపాదకులకు నమస్కారం.

లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ గుడికి ఇంకా ఎక్కువమంది రావాలని అందరూ కోరుకుంటున్నారు, నేనూ కోరుకుంటున్నాను. అయితే వచ్చినవారు అక్కడ ఏం చూసి వెళ్తున్నారన్నది కూడా ఆలోచించాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన సంపద తీరిక. పాత గుళ్లు, కోటలు, తోటలు తిరగడం, నచ్చిన చోట కూర్చుని బొమ్మలు గీసుకోవడం నా దినచర్య అయింది. మా హిందూపురానికి లేపాక్షి దగ్గర కాబట్టి అక్కడికే ఎక్కువగా వెళ్తుంటాను. వచ్చినవారిలో చాలామంది వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇవతలికి లాగుతారు, ఏడు పడగల నాగలింగం ముందు ఫొటో తీసుకుంటారు, బయలుదేరుతారు. ఆ స్తంభం వింతే, కాదనను. కానీ వాళ్ల తలల మీదే ఒక రాజ్యం రంగుల్లో పరుచుకుని ఉంది.

విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి ఇది. పైకప్పు మీది రంగుల బొమ్మల్లో ద్రౌపదీ స్వయంవరం ఉంది, కిరాతార్జునీయం ఉంది, పార్వతీ కల్యాణం ఉంది. దూడను రథం కింద తొక్కించిన కొడుక్కి మరణశిక్ష వేసిన మనునీతి చోళుడి కథ కూడా ఉంది. వటపత్రశాయి కళ్లు మనం ఎటు నడిస్తే అటు తిరిగినట్టే అనిపిస్తాయి. నన్ను ఎక్కువగా ఆపేసేవి మాత్రం మనుషుల బట్టలు. చాటుపద్యంలో విన్న కుళ్లాయి ఎలా ఉండేదో పొడవాటి టోపీలు పెట్టుకున్న ఆ మగవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పువ్వులు, ఏ రెండూ ఒకలా ఉండవు. పదహారో శతాబ్దంలో మనవాళ్లు ఏం కట్టుకున్నారో, కొప్పు ఎలా ముడిచారో ఇంత వివరంగా చూపే చోట్లు మనకు ఎన్ని మిగిలాయి? వీటిలో కొన్ని బొమ్మలు ఇప్పటికే వెలిసిపోయాయి, కొన్నిచోట్ల గచ్చు రాలి గీతలు కూడా ఆనవాలు పట్టలేం. ఉన్నవాటినైనా మన పిల్లలు నిదానంగా చూడాలి.

పైకప్పు బొమ్మను చూడటం మెడకు కష్టం. నా వయసువాళ్లు రెండు నిమిషాలకు మించి తలెత్తి నిలబడలేరు. అందుకే మొదటి కోరిక: మంటపంలో స్తంభాలకు ఆనకుండా, దారికి అడ్డం లేకుండా, నడుము ఎత్తు బల్ల మీద వాలుగా పెట్టిన పెద్ద అద్దాలు కొన్ని ఏర్పాటు చేయాలి. అద్దంలోకి వంగి చూస్తే పైనున్న కథంతా మెడ ఎత్తకుండానే కనిపిస్తుంది. గోడకు మేకు కొట్టక్కర్లేదు, రాతిని ముట్టుకోనక్కర్లేదు. ఒక్కో బల్ల పక్కన ఆ కథను తెలుగులోనూ కన్నడంలోనూ పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. బెంగళూరు వైపు నుంచి వచ్చేవారు ఎక్కువ కదా.

రెండోది, వారంలో ఒక పూటైనా బొమ్మలు గీసుకునేవారికి, చిత్రకళ నేర్చుకునే విద్యార్థులకు ప్రాంగణంలో ప్రశాంతంగా కూర్చునే వీలు ఉండాలి. లతామంటపం స్తంభాల మీది తీగలను చీరల అంచుల మీదికి తెచ్చుకున్న మనం, వాటిని చెక్కిన చోట కూర్చుని గీయడం మన పిల్లలకు నేర్పాలి. గంటసేపు ఒకే స్తంభం ముందు కూర్చున్న పిల్లవాడు దాని మీద తన పేరు గీకడు. ఇది నా గట్టి నమ్మకం.

నంది చుట్టూ ఉన్న పచ్చికను మెచ్చుకోకుండా ఉండలేను. అయితే రాయలసీమ ఎండకు గడ్డి చాలదు. విగ్రహానికి దూరంగా, వేళ్లు రాతికి తగలని చోట వేప, కానుగ నాటి, వాటి కింద అరుగులు కట్టిస్తే ఊరివాళ్లూ యాత్రికులూ సాయంత్రం దాకా ఆగుతారు. అలా ఆగినవారు చుట్టుపక్కల దుకాణాల్లో నాలుగు రూపాయలు ఖర్చుపెడతారు కూడా.

వచ్చే ఎండాకాలంలోపు అద్దాలైనా పెట్టి చూడమని పురావస్తు అధికారులకూ పర్యాటక అధికారులకూ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హిందూపురం