డ్రోను సంగతి మర్చిపో బావా

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

క్లాసుకి ఐదు నిమిషాల ఫిలిం, అదీ పొందూరు ఖద్దరు మీదన్నావు. బావుంది. కానీ డ్రోను అద్దె ఎంతని అడిగావు చూడు, అక్కడే ఒళ్లు మండింది. నూలు వడికేది ఆకాశంలో కాదురా! ఆ డబ్బుతో కాలరుకి పెట్టుకునే మైకు కొను. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ, మాట వినపడకపోతే రెండో నిమిషానికే ఫోన్లు తీస్తారు.

వెళ్లగానే కెమెరా తియ్యకు, ముందు పని చూడు. దువ్వడం, గింజ తియ్యడం, ఏకడం (దూదిని పొంగించడం), ఏకులు (వడకడానికి దూది చుట్టలు) చుట్టడం, వడకడం. ఫిలింలో ఈ వరస తప్పితే తెలిసినవాళ్లు నవ్వుతారు. అన్నిట్లోకీ పత్తి దువ్వే ఆ వాలుగ చేప దవడనే ఎక్కువసేపు తియ్యి. దాని పళ్లు ఎంత సన్నమంటే పేలదువ్వెన దాని ముందు దిగదుడుపే. గింజతో ఉన్న పత్తిని దాంతో గీస్తుంటే చెత్త రాలి, పోగులన్నీ ఒకవైపుకి తిరుగుతాయి. వెలుగు ముందునుంచి నేరుగా పడితే తెల్లటి ముద్ద తప్ప ఏటీ కనపడదు. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా కూర్చోబెట్టి, వెనక నల్లదుప్పటి కట్టు. పోగులు లెక్కపెట్టొచ్చు.

తెల్ల దూది, చీకటి గది. ఫోను మోసం చేసేది ఇక్కడే. గది చీకటిగా ఉందని అదే వెలుగు పెంచేస్తుంది, దూది సున్నం ముద్దయిపోతుంది. ఎడిటింగులో ఎంత తగ్గించినా పోయిన పోగులు రావు. దూది బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, లాక్ పడ్డాక వెలుగు కొంచెం కిందికి లాగు. ట్యూబులైటు ఆర్పించు. కుదరకపోతే సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు (ఒక్కో ఫ్రేముకి వెలుగు తీసుకునే సమయం) 1/50 సెకను పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. షట్టరు ఆ లెక్కకి కుదరకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి.

ఒక్కో షాటూ కదలకుండా 10 సెకన్లు పట్టు. చేతులు, దవడ, అరటి డొప్పలో చుట్టిన ఏకు, కదురు (రాట్నంలో నూలు చుట్టుకునే ఇనప పుల్ల), ఇవన్నీ బాగా దగ్గరగా. చేతుల షాట్లు ఎన్నున్నా చాలవు, మాటలో కోత పడ్డ ప్రతిచోటా కప్పడానికి అవే దిక్కు. మొత్తం 50 నిమిషాలు తీస్తావనుకో, 1080pలో అయితే ఫోనులో 10 జీబీ ఖాళీ ఉంచుకో.

మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. కొంగు రాసుకోకూడదు, పుస్తెలతాడు తగలకూడదు, తగిలితే టిక్కుటిక్కుమంటుంది. ఫ్యాను ఆపు, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. పొందూరు మెయిన్ లైను మీది ఊరు, రైలొస్తే మాట ఆపించు. కూత మధ్యలో కోస్తే సగం కూత మిగిలి, కోసినచోటు పట్టిచ్చేస్తుంది. చివర్లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు, ఇంకో నిమిషం ఒట్టి రాట్నం గుయ్‌మనడం రికార్డు చేసుకో. అతుకులన్నీ వాటితోనే పూడుస్తావు.

నూలు వడికే పెద్దావిణ్ణి ‘కష్టమేనా అమ్మా?’ అనడిగితే ‘అవును బాబూ’ అని ఊరుకుంటారు. ‘దవడ చేతిలోకి తీసుకున్నకాడ్నించి చెప్పమ్మా’ అను. ఆవిడ సిక్కోలు మాటని సబ్‌టైటిళ్లలో పుస్తకం తెలుగు చేసేవంటే చంపేస్తాను. ఇంకోటి, వాళ్లకి కూలి నూలు లెక్కన. నీకోసం సగం రోజు కూర్చుంటే సగం రోజు కూలి పోయినట్టే, అది ఇచ్చేసి రా.

మైకు వేరే ఫోనుకి పెడితే ప్రతి షాటు మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టు, దాన్ని బట్టి రెండూ కలుపుకోవచ్చు. అయినా చివరికొచ్చేసరికి పెదవి ఒకచోట, మాట ఒకచోట అవుతుంది, ఫోను ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు గనక. ఎడిటింగుకి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకో. సగం కోసేశాక గుర్తొస్తే మళ్లీ మొదట్నుంచే.

ఎండలు ముదరకముందే వెళ్లు. పెద్దావిణ్ణి ఫ్యాను ఆపిన గదిలో గంటసేపు కూర్చోబెట్టాలి మరి.

నీ
బావ