మీ పెనాలు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి

శుభ్రం చేసి వారంలో ఇస్తానన్న మీ పాత పోత ఇనుప పెనాలు, మూకుళ్లు మూడు వారాలైనా ఇవ్వలేకపోయాను. ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ "పని ఎక్కువగా ఉందండీ" అని చెబుతూ వచ్చాను. అది సగమే నిజం. మిగతా సగం ఇక్కడ చెబుతాను.

పాత పెనం మీద ఏళ్ల తరబడి గట్టిపడిన నల్లటి పెచ్చు ఊడదీయడానికి కాస్టిక్ సోడా (వంట సోడా కాదు, చర్మాన్ని కాల్చేంత ఘాటైన క్షారం) కలిపిన నీళ్ల తొట్టిలో నానబెడతామని మీకు తెలుసు. పోయిన నెల ఒకాయన వాళ్ల అమ్మమ్మ వాడిన గిన్నె మూతతో సహా తెచ్చారు. మూత పిడి కూడా మసిపట్టి నల్లగా ఉంది. ఇనుమే కదా అనుకుని అలాగే దించేశాను. కాసేపటికి తొట్టి బుసబుసమని పొంగడం మొదలుపెట్టింది. ఆ పిడి అల్యూమినియంది!

కాస్టిక్ సోడా ఇనుము జోలికి పోదు. అల్యూమినియాన్ని మాత్రం తినేస్తుంది, తింటూ హైడ్రోజన్ వదులుతుంది. హైడ్రోజన్‌కి చిన్న నిప్పురవ్వ చాలు. స్విచ్చులేవీ ముట్టుకోకుండా తలుపులన్నీ బార్లా తీసి అందరం బయటికి వచ్చేశాం. గాలి బాగా ఆడాక, తొడుగులు వేసుకుని మూత పైకి తీస్తే పిడి పుచ్చిపోయిన పన్నులా గుల్లయి ఉంది. ఆయనకి అదేరోజు చెప్పాను. కొత్త పిడి చేయించి ఇస్తున్నాను, పనికి డబ్బు తీసుకోవడం లేదు. వాళ్ల అమ్మమ్మ పట్టుకున్న పిడిని మాత్రం నేను తెచ్చివ్వలేను.

ఆ తొట్టి నీళ్లు తీసేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు ప్రతి సామాను మీదా, ప్రతి మూత, పిడి, స్క్రూ మీదా అయస్కాంతం పెట్టి చూశాకే లోపలికి పోతుంది. అయస్కాంతం అంటినంత మాత్రాన సరిపోదు. జింకు పూత, తగరం పూత ఉన్నవాటికీ అంటుతుంది, ఆ పూతల్నీ సోడా తినేస్తుంది. ఎనామిల్ పూత మెరుపు పోతుంది. చెక్క పిడి పాడవుతుంది. ఇలాంటివి ఇకమీదట తీసుకోను, ఊడదీయగలిగిన భాగాలైతే ఊడదీసి ఇవ్వండి.

"ఇంకాస్త సోడా వేస్తే తొందరగా అవుతుందిగా" అని చాలామంది అడిగారు. పెనం మీది ఆ నల్లపొర అసలు నూనే, వేడికి గట్టిపడి ఒకదానికొకటి అల్లుకుపోయిన నూనె. సోడా ఆ అల్లికను కొంచెం కొంచెంగా విప్పి, సబ్బులా మార్చి నీళ్లలోకి వదిలేస్తుంది. సబ్బు తయారీలో జరిగేదీ ఇదే. నేను సుమారు 19 లీటర్ల నీళ్లకు 450 గ్రాములు వేస్తాను. అంతకు మించి వేస్తే వేగం పెద్దగా పెరగదు, చిట్లిన చుక్క మాత్రం ఇంకా లోతుగా కాలుస్తుంది. చలిరోజుల్లో పని నెమ్మదిస్తుంది, అలాగని తొట్టిని పొయ్యి మీద పెట్టేంత తెగువ నాకు లేదు. పల్చటి పొరకి కొన్ని రోజులు, మందపాటి పెచ్చుకి వారాలు.

నిప్పుల్లో పడేస్తే ఒక్క పూటలో అయిపోతుందనేవాళ్లూ ఉన్నారు. అయిపోతుంది, పెనం కూడా అయిపోవచ్చు. అంత వేడికి వంకరపోయినవి, పగిలినవి, ఇనుమే ఎర్రబారి మళ్లీ నూనె పట్టనివి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. గ్రైండరుతో అరగదీస్తే పాతకాలం పెనానికుండే ఆ నున్నదనం పోతుంది.

ఇంట్లోనే చేసుకుంటాం, ఎలాగో చెప్పమన్నవాళ్లకు: నా గిరాకీ పోతే పోయింది గానీ కళ్లద్దాలు లేకుండా చేయకండి. మామూలు అద్దాలు కాదు, పక్కలనుంచి కూడా మూసుకుని ఉండేవి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, బూట్లు. ముందు చల్లటి నీళ్లు, తర్వాత అందులో సోడా, కొంచెం కొంచెంగా. తిరగేసి సోడా మీద నీళ్లు పోశారో, ఒక్కసారిగా వేడెక్కి మొహం మీదికి చిమ్ముతుంది. తొట్టి అడుగున త్రికోణంలో 2 అంకె ఉన్న దళసరి ప్లాస్టిక్‌ది కావాలి. గాజు వద్దు, జింకు పూత బకెట్ అసలే వద్దు. మూత తప్పనిసరి. పిల్లలూ పెంపుడు జంతువులూ ఉన్నారు, పైగా గాలి తగులుతుంటే సోడా నీళ్లు బలం తగ్గిపోతాయి. డ్రైనేజీ శుభ్రం చేసే పొడుల్లో కొన్నిటిలో అల్యూమినియం ముక్కలు కలిపే ఉంటాయి. అట్ట మీద చదివి, వేరే ఏదీ కలపని కాస్టిక్ సోడానే కొనండి.

చర్మం జారుజారుగా అనిపించిందంటే సోడా తగిలిందన్నమాట, మన ఒంటి కొవ్వే సబ్బవుతోంది. చాలాకాలం నేనూ పక్కన వెనిగర్ సీసా పెట్టుకునేవాణ్ణి, విరుగుడని. అది తప్పు. పారే నీళ్ల కింద కనీసం ఇరవై నిమిషాలు కడగడమే. కంట్లో పడితే వెంటనే కడగడం మొదలుపెట్టి, ఆపకుండా కడుగుతూనే డాక్టరు సాయానికి కబురు చేయాలి.

ఇంకో మాట వెనక్కి తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురికి తుప్పు కూడా ఈ తొట్టిలోనే పోతుందని చెప్పాను. పోదు. సోడా జిడ్డును తీస్తుంది, తుప్పును కదపదు. తుప్పు కోసం బాగా కడిగాక విడిగా వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అరగంట ఉంచి, తీసి రుద్దుతాం. ఎక్కువసేపు మరిచిపోతే వెనిగర్ ఇనుమునే తింటుంది.

తొట్టిలోంచి తీసి కడిగిన ఇనుము బూడిదరంగులో ఉంటుంది, ఆరబెట్టడం ఆలస్యమైతే నిమిషాల్లో నారింజరంగుకు తిరుగుతుంది. అందుకే ఒక రోజులో నూనె పట్టించగలిగినన్నే బయటికి తీస్తున్నాను. పూసిందంతా తుడిచేశామా అన్నంత పల్చగా నూనె రాసి, ఓవెన్‌లో 230 డిగ్రీల పైన గంటసేపు, ఇలా మూడుసార్లు. సోడా అనేది నీళ్లలో కరిగేదే కాబట్టి కడిగితే పోతుంది, వండుకోవడానికి భయం అక్కర్లేదు.

భయపడాల్సింది సీసం గురించి. చేపల గాలానికి బరువులు పోసుకోవడానికి పాత పెనాల్లో సీసం కరిగించినవాళ్లున్నారు. అది సోడాతో పోతుందని నమ్మలేం, నా తొట్టి కూడా పాడవుతుంది. మీ పెనం ఎవరి దగ్గర కొన్నారో, అందులో ఏం చేశారో కొంచెమైనా అనుమానం ఉంటే ఇచ్చేటప్పుడే చెప్పండి. సీసం ఉందని పరీక్షలో తేలితే అలాగే తిరిగి ఇచ్చేస్తాను, దాన్ని వంటకు వాడకండి.

మొదట ఇచ్చినవాళ్లవి ఈ వారం నూనె పట్టిస్తున్నాను, సిద్ధమైనకొద్దీ మెసేజ్ వస్తుంది. ఆగలేనివాళ్లు చెప్పండి, ఉన్నది ఉన్నట్టు కడిగి, ఆరబెట్టి, కొంచెం నూనె రాసి ఇచ్చేస్తాను, అడ్వాన్సు కూడా తిరిగి ఇస్తాను.