బెల్లం సున్నుండల బోర్డు తీసేశాను

మా మిఠాయి దుకాణానికి వచ్చేవారందరికీ నమస్కారం.

గల్లాపెట్టె పక్కన నాలుగేళ్లుగా వేలాడిన బోర్డును పోయిన సోమవారం తీసేశాను. "బెల్లంతో చేసినవి, షుగర్ ఉన్నవారూ నిశ్చింతగా తినవచ్చు" అని దాని మీద రాయించింది నేనే. ఆ మాట తప్పు.

ఎప్పుడూ మా దగ్గరే కొనే ఒక మాస్టారు అది నమ్మి తన భార్యకు రోజూ రెండు సున్నుండలు పెట్టారు. మూడు నెలల సగటు చక్కెర తెలిపే పరీక్షలో ఆమెకు 7.1 ఉన్నది 8.4కు చేరింది. ఆయన ఆ కాగితం మడత విప్పి నా ముందు పెట్టి, "బెల్లమే కదమ్మా అనుకున్నాం" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. కారణం మా సున్నుండలేనని తేల్చి చెప్పలేను. కానీ ఆమె భయం లేకుండా తిన్నది నా బోర్డు చూసే.

బెల్లంలో నూటికి 80 పాళ్లకు పైగా చక్కెరే. కాస్త ఇనుము, ఖనిజాలు ఉన్నా, కడుపులోకి వెళ్లాక అదీ పంచదారలాగే గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. గ్లూకోజు రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఫ్రక్టోజు చాలావరకు కాలేయానికి చేరుతుంది. రోజూ మోతాదు మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది. కొవ్వు పట్టిన కాలేయం మీద ఇన్సులిన్ సరిగా పనిచేయదు. కాబట్టి ఇది షుగర్ లేనివారికీ పట్టాల్సిన విషయమే.

మా సున్నుండ 40 గ్రాములు. కిలో మినుములకు ముప్పావు కిలో బెల్లం, అరకిలో నెయ్యి. అంటే ఒక్కోదానిలో 13 గ్రాముల బెల్లం. విడిగా కలుపుకొనే తీపి రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కాఫీలో పంచదారా ఆ లెక్కలోదే. రెండు సున్నుండలతోనే అది దాదాపు నిండిపోతుంది.

ఇకపై కిలో మినుములకు అరకిలో బెల్లమే వేస్తాను, ఉండ 25 గ్రాములకు తగ్గిస్తాను. అప్పుడు ఒక్కోదానిలో 6 గ్రాములు. మొదటి వాయి చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది. పిండి మరింత మెత్తగా విసిరి, వేడి నెయ్యి పోస్తే నిలిచింది. మినుములు సన్నని సెగ మీద ఇంకాసేపు వేయించడంతో కమ్మదనం పెరిగింది, తీపి తగ్గిందన్న లోటు నాకు తెలియలేదు. ఇవి కూడా షుగర్ ఉన్నవారికి మంచివని అనడం లేదు. ఎంత తినవచ్చో మీ డాక్టరునే అడగండి. బెల్లం ఎంతో ప్యాకెట్టు మీద రాస్తాను.

అరిసెలకు మాత్రం ఈ మార్పు కుదరదు. పాకం తగ్గితే అరిసె నూనెలో విడిపోతుంది. వాటిని ఇకపై పండుగలకే చేస్తాను.

ఆ బోర్డు చూసి కొన్నవారు ప్యాకెట్టు తెచ్చివ్వండి. విప్పినదైనా సరే, డబ్బు తిరిగి ఇస్తాను.